స్కోరు గోల సరే, ముందు రిపోర్టు చదవడం నేర్పండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. రెండు వారాల కిందట మీ ఆదివారం పేజీలో సిబిల్ స్కోరు, అంటే అప్పులు ఎలా తీరుస్తామో చూసి మనకు వేసే మార్కు, 750 దాటించుకోవడానికి చిట్కాలని ఒక వ్యాసం వేశారు. తప్పులేమీ లేవు అందులో. టైముకి ఈఎమ్ఐ కట్టండి, కార్డు లిమిట్ మొత్తం వాడేయకండి, పదిచోట్ల అప్లై చేయకండి, అన్నీ సరైన మాటలే. కానీ ఆ వ్యాసం చదివినవాళ్లెవరికీ స్కోరు వెనకాల మన అప్పుల చరిత్రంతా రాసిన రిపోర్టు అని ఒక పెద్ద కాగితం ఉంటుందనీ, అందులో మనకు తెలియని గీతలు (ఒక్కో అప్పుకి ఒక్కో గీత) బోలెడు ఉండొచ్చనీ అర్థమై ఉండదు. నాకూ నలభై ఒకటో ఏట, ఫ్లాటుకి రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చేశాక తెలిసింది. అందుకే రాస్తున్నాను. ఉత్తరం పొడుగ్గానే ఉంటుంది, ఎక్కడ కోసుకున్నా నాకు అభ్యంతరం లేదు, మా తాత పేరు సంగతి మాత్రం ఉంచండి.

మాది కదిరి పక్కన పల్లె. పదిహేడేళ్లుగా బెంగళూరే. పీణ్యాలో ఒక చిన్న మెషిన్ షాపులో అకౌంట్స్ చూస్తాను, దాసరహళ్లిలో అద్దెకుంటాం. అంటే పొద్దున లేస్తే అంకెలతోనే నా పని, ఓనరు గారి జీఎస్టీ, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎవరు ఎన్ని రోజులు బాకీ ఉన్నారన్న లెక్కలు అన్నీ నావే. అయినా నా సొంత రిపోర్టు ఒక్కసారి కూడా తెరిచి చూసుకోలేదు. చూస్తే స్కోరు తగ్గిపోతుందని ఎవరో చెప్తే నమ్మాను. అది అబద్ధం. మన రిపోర్టు మనం ఎన్నిసార్లు చూసుకున్నా స్కోరు తగ్గదు, అప్పు కోసం అప్లై చేసినప్పుడు బ్యాంకు చూస్తేనే అది ఎంక్వయిరీ కింద నమోదవుతుంది. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నాకు మూడు నెలల నిద్ర మిగిలేది.

చిక్కబాణావర దగ్గర ఫ్లాటు చూశాం. 50 లక్షల లోను కావాలి. నా జీతం, మా ఆవిడ టీచరు జీతం కలిపితే ఈఎమ్ఐ ఇబ్బంది లేకుండా వెళ్లిపోతుంది. ఇంతవరకూ ఎవరికీ ఒక్క రూపాయి ఎగ్గొట్టిన మనిషిని కాదు, కాబట్టి లోను రాదేమోనన్న ఆలోచనే రాలేదు. పది రోజుల తర్వాత ఏజెంటు ఫోన్ చేసి, "సార్, సిబిల్ ప్రాబ్లమ్ అంట, రిజెక్ట్ అయింది" అన్నాడు. ఏం ప్రాబ్లమ్ అంటే తెలీదన్నాడు. నేను తేరుకునేలోపు అతగాడు నన్ను అడగకుండానే ఇంకో నాలుగు చోట్లకి నా కాగితాలు పంపేశాడు. వారంలో ఐదు ఎంక్వయిరీలు. బయటినుంచి చూసేవాడికి ఇదెలా ఉంటుందో ఆలోచించండి, ఊళ్లో ఒకడు పొద్దున్నించి సాయంత్రం దాకా ఐదిళ్లకు వెళ్లి అప్పు అడిగితే ఆరో ఇంటాయన తలుపు తీస్తాడా?

చివరికి నేనే మొదటి బ్యాంకుకి వెళ్లి కూర్చున్నాను. లోన్ ఆఫీసరు ఒకావిడ, కోలారు వైపు మనిషి, తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడుతుంది. నేను స్కోరు ఎంతండీ అని అడిగితే ఆవిడ నవ్వి, "స్కోరు తర్వాత సార్, ముందు ఈ ట్రాక్టరు సంగతి చెప్పండి" అంది.

ట్రాక్టరా? నాకు సైకిలు తప్ప ఏమీ తోలడం రాదు.

ఆవిడ స్క్రీను నావైపు తిప్పింది. నా పేరు, నా పుట్టిన తేదీ, మా ఊరి అడ్రసు, కింద ఒక ఫైనాన్స్ కంపెనీ ట్రాక్టరు లోను. దాని కింద నెలనెలా చిన్న చిన్న గడులు. ఒక్కో గడిలో ఒక అంకె. సున్నాలు, సున్నాలు, తర్వాత 30, 61, 91, 122, మళ్లీ సున్నాలు. ఆ అంకెలేమిటంటే కట్టాల్సిన తేదీ దాటి ఎన్ని రోజులైందో ఆ లెక్క, బ్యాంకుల్లో డీపీడీ అంటారు. సున్నా అయితే టైముకి కట్టినట్టు. 90 దాటితే ఆ అప్పు బ్యాంకు పుస్తకాల్లో మొండిబాకీ అవుతుంది, అంటే దాని మీద వచ్చే వడ్డీని ఆదాయంగా రాసుకోకూడదు, పైగా తన లాభంలోంచి కొంత పక్కన పెట్టుకోవాలి. "ఒక 91 కనిపిస్తే మాకు జ్వరం వస్తుంది సార్, మీకు రెండు వరసగా ఉన్నాయి" అంది ఆవిడ.

ఇప్పుడు తాత పేరు సంగతి. మా తాతకు ఇద్దరు కొడుకులు. ఇద్దరూ తమ పెద్ద కొడుక్కి నాన్న పేరే పెట్టుకున్నారు, మన వైపు ఇదేం కొత్త కాదు కదా. నాకూ చిన్నాన్న కొడుక్కీ మూడు నెలలు తేడా. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే ఊరు, ఒకే వీధి. ఇంట్లో పెద్దోడు, చిన్నోడు అని పిలుస్తారు కాబట్టి మాకెప్పుడూ గొడవ రాలేదు. ఇది చాలదన్నట్టు బళ్లో చేర్చిన రోజు హెడ్మాస్టరు గారు ఇద్దరికీ వయసు వేళ్ల మీద లెక్కేసి జూన్ 1 అని రాసేశారు. అంటే ప్రభుత్వం లెక్క ప్రకారం కూడా మేమిద్దరం ఒక్కరోజే పుట్టాం. వాడు ట్రాక్టరు లోను తీసుకున్నప్పుడు పాన్ కార్డు లేదు, ఓటరు కార్డు ఇచ్చాడట. పాన్ ఉంటే మనుషుల్ని విడదీయడం తేలిక. అది లేనప్పుడు పేరు, పుట్టిన తేదీ, అడ్రసు మాత్రమే చూసి కంప్యూటరు జత కలుపుతుంది, మా ఇద్దరి విషయంలో దానికి వేరే దారేముంది, అన్నీ ఒకటే.

వాడు చెడ్డవాడు కాదు, అదీ చెప్పాలి. వానలు లేక శెనక్కాయ పోయిన సంవత్సరం నాలుగు కంతులు తప్పాడు, పంట చేతికి రాగానే వడ్డీతో సహా మొత్తం కట్టేశాడు. ఫోన్ చేస్తే, "అన్నా, నా అప్పు నీ నెత్తిన పడిందా!" అని ఏడ్చినంత పని చేశాడు.

మన పేర్లతో వచ్చే చిక్కు దీంతో అయిపోలేదు. నా పాన్ మీద ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్ మీద ఒక్క అక్షరమే ఉంది, పాత బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు చివరికి పోయింది, ఎందుకంటే బెంగళూరు బ్రాంచి వాళ్లు దాన్ని తీసుకెళ్లి లాస్ట్ నేమ్ గడిలో వేశారు. రిపోర్టులో నావి మూడు పేర్లున్నాయి. మన ఆడవాళ్లకైతే పెళ్లికి ముందు ఇంటిపేరు, తర్వాత ఇంటిపేరు కలిపి ఇంకా ఎక్కువ. మా ఆవిడ పాత స్కూటీ లోను టైముకి కట్టిన మంచి చరిత్ర ఆమె ఇప్పటి పేరు మీద అసలు కనిపించనే లేదు. అంటే తప్పు కలవడమే కాదు, మంచి తప్పిపోవడం కూడా జరుగుతుందన్నమాట.

సరే, బాగు చేయించుకోవడం. ఇక్కడ మీ పాఠకులకు పనికొచ్చే సంగతి ఉంది కాబట్టి వివరంగా రాస్తాను. మన దేశంలో ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. మొదట వచ్చింది సిబిల్, 2000లో, అందుకే మనం జిరాక్స్ అన్నట్టు అన్నిటినీ సిబిల్ అనే అంటాం. వీటికోసం 2005లో చేసిన ప్రత్యేక చట్టం ఉంది, పైన రిజర్వు బ్యాంకు ఉంటుంది. అప్పులిచ్చే ప్రతి సంస్థా ఈ నాలుగింటికీ మన లెక్క పంపాలి. ముందు నెలకోసారి పంపేవాళ్లు, 2025 జనవరిలో అది పదిహేను రోజులకోసారికి మారింది. ఈ నాలుగూ తలా ఒకసారి, ఏడాదికి పూర్తి రిపోర్టు స్కోరుతో సహా ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచే ఈ నిబంధన ఉంది. అంటే మూడు నెలలకొకటి చొప్పున చూసుకుంటూ పోతే ఏడాది పొడుగునా పైసా ఖర్చు లేకుండా కనిపెట్టుకుని ఉండొచ్చు. ఉచితం అన్న లింకు వాళ్ల సైటులో ఎక్కడో మూల ఉంటుంది, ముందు మాత్రం నెలకింత అని ప్యాకేజీలు కనిపిస్తాయి. కాస్త ఓపిగ్గా వెతకాలి.

నేను ఆన్‌లైన్‌లోనే కంప్లయింటు పెట్టాను, ఈ ట్రాక్టరు నాది కాదని. రెండు వారాలకి జవాబొచ్చింది: అప్పిచ్చిన సంస్థను అడిగాం, వివరాలు సరైనవేనని చెప్పారు, కంప్లయింటు మూసేశాం. సరైనవే కదా మరి! పేరు సరైనదే, తేదీ సరైనదే, అడ్రసు సరైనదే. నేను ఆ రాత్రి చాలాసేపు అలాగే కూర్చుని నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నాను. తర్వాత అర్థమైంది, రిపోర్టు సంస్థ తనంతట తాను ఒక్క అంకె కూడా మార్చదు, చట్ట ప్రకారం మార్చకూడదు కూడా. అప్పిచ్చినవాడు ఏది పంపితే అదే అచ్చవుతుంది. కాబట్టి గొడవ పడాల్సింది అద్దం లాంటి ఆ రిపోర్టు సంస్థతో కాదు, అప్పిచ్చినవాడితో.

ఈ సందులోనే, స్కోరు రిపేరు చేసిపెడతామని దాసరహళ్లి మెట్రో స్తంభం మీద అతికించిన నంబరుకి ఫోన్ చేశానని కూడా ఒప్పుకుంటాను. ఏడు వేలడిగాడు. లోపల మావాళ్లున్నారు అన్నాడు. ఎవరూ ఉండరు. తప్పుంటే మనం ఉచితంగా పెట్టుకునే కంప్లయింటే వాడూ పెడతాడు, తప్పు లేకపోతే వాడు చేయగలిగింది ఏమీ లేదు. ఓనరు గారు వద్దని తిట్టబట్టి ఆ ఏడు వేలు మిగిలాయి.

శనివారం బస్సెక్కి కదిరి వెళ్లి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆ ఫైనాన్స్ ఆఫీసుకి పోయాం. ఇద్దరం పక్కపక్కన నిలబడి, రెండు ఆధార్ కార్డులు, నా పాన్, వాడు కొత్తగా తీసుకున్న పాన్, ట్రాక్టరు ఆర్‌సీ, అగ్రిమెంటు మీద వాడి సంతకం అన్నీ టేబుల్ మీద పరిచాం. మేనేజరు మా మొహాలు మార్చి మార్చి చూసి, "పేర్లు పెట్టేటప్పుడు కాస్త చూసుకోవాలి సార్" అన్నాడు. మా తాత ఉంటే చెప్పు తీసేవాడు. ఏదైతేనేం, వాడి పాన్ నంబరు ఆ లోనుకు ఎక్కించి, సవరణ పంపుతామని రాసిచ్చారు. నేను ఆ కాగితం జతచేసి రెండోసారి కంప్లయింటు పెట్టాను.

రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటి ఉంది, చాలామందికి తెలియదు. కంప్లయింటు ఇచ్చిన రోజు నుంచి 30 రోజుల్లో తేల్చాలి. అందులో అప్పిచ్చిన సంస్థకు సవరణ పంపడానికి 21 రోజులు. 30 రోజులు దాటితే ఆపై ప్రతి రోజుకీ మనకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి, ఎవరి వల్ల ఆలస్యమైతే వాళ్లు. 2024 ఏప్రిల్ చివరి నుంచి అమల్లో ఉంది. సవరించం అని తిప్పి పంపితే ఎందుకో కారణం చెప్పాలి. అప్పటికీ న్యాయం జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అంటే ఇలాంటి ఫిర్యాదులు వినే అధికారికి, ఆన్‌లైన్‌లో రాసుకోవచ్చు, 2022 నుంచి ఈ రిపోర్టు సంస్థలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. నాది 26వ రోజుకే తేలిపోయింది, వంద రూపాయలు రాలేదు. ట్రాక్టరు వెళ్లిపోయింది.

ఇక్కడితో అయిపోతే బాగుండు. కోలారావిడ రెండో పేజీ తిప్పింది.

ఇదైతే నా తప్పే, పూర్తిగా. చాలా ఏళ్ల కిందట పెట్రోలు బంకులో టేబుల్ వేసుకుని కూర్చున్న కుర్రాడు లైఫ్ టైమ్ ఫ్రీ అంటే ఒక క్రెడిట్ కార్డు తీసుకున్నాను. అది ఫ్రీ కాదు, ఏడాదికి 500, పన్నుతో 590. వాడలేదు. ఇల్లు మారేటప్పుడు కత్తెరతో కోసి చెత్తబుట్టలో వేశాను, నంబరు కూడా మారింది. నేనేమనుకున్నానంటే కార్డు లేకపోతే అప్పెక్కడిది అని. ఖాతా మాత్రం బతికే ఉంది. 2021లో పడిన ఆ 590, ఆలస్య రుసుం, వడ్డీ, దాని మీద పన్ను, మళ్లీ ఆలస్య రుసుం, ఇలా సంవత్సరంన్నరకి 11 వేలు దాటింది. ఎలా పట్టుకున్నాడో వసూళ్ల కుర్రాడు ఫోన్ చేసి, "సార్ 5 వేలు కట్టేయండి, సెటిల్ చేసేద్దాం" అన్నాడు. ఆరువేలు మిగిలాయని ఆ రోజు ఇంటికి బిర్యానీ పట్టుకెళ్లాను.

ఆ బిర్యానీ ఖరీదు తర్వాత తెలిసింది. పూర్తిగా కట్టిన అప్పు రిపోర్టులో క్లోజ్డ్ అని ఉంటుంది. తగ్గించి కట్టించుకున్నది సెటిల్డ్ అని ఉంటుంది. మన భాషలో సెటిల్ అంటే గొడవ తీరిపోయిందని అర్థం, పెళ్లి సెటిలైంది, ఉద్యోగం సెటిలైంది అన్నట్టు. వాళ్ల భాషలో సెటిల్డ్ అంటే ఇతను ఇవ్వాల్సినంత ఇవ్వలేదు, వచ్చిందే చాలని వదిలేశాం అని. అంతకంటే ఘోరమైనది రిటన్ ఆఫ్, అంటే ఇక రాదని లెక్కలోంచి కొట్టేశారని. అది మాఫీ చేసినట్టు కాదు, బాకీ అలాగే ఉంటుంది. వసూళ్ల కుర్రాడు ఈ మాట చెప్పడు, వాడికి ఆ నెల టార్గెట్టు ముఖ్యం. మీ వ్యాసంలోనూ ఈ మాట లేదు, మీ మీద నాకున్న అసలు కోపం ఇదే.

కార్డు వద్దనుకుంటే బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పి మూయించాలి. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యమైతే రోజుకి 500 రూపాయలు మనకే కట్టాలని 2022లో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. బాకీ లేదని కాగితం తీసుకుని దాచుకోవాలి. నేను ఆ వదిలేసిన ఆరువేల చిల్లర ఇప్పుడు తీసుకుపోయి కట్టాను, తీసుకోవడానికి వాళ్లు మూడు డిపార్టుమెంట్లకి తిప్పారు, అది వేరే కథ. ఆ గీత ఇప్పుడు క్లోజ్డ్ అయింది. ఆ పాత గడుల్లో అంకెలు మాత్రం అలాగే ఉన్నాయి, అవి నిజంగా జరిగినవి కాబట్టి ఎవరూ తుడవరు.

బ్యాంకులకి ఈ కాగితం మీద ఇంత పట్టింపు ఎందుకని నేను ఆవిడతోనే వాదించాను. ఇరవై ఏళ్ల లోను ఇస్తూ నేను 590 రూపాయలకి ఏం చేశానో చూడటమేంటని. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. మీ ఊళ్లో షావుకారు మీకు అప్పిస్తే ఏం చూస్తాడు అని అడిగింది. మా నాన్న ఎలాంటివాడో తెలుసు, పొలం ఎంతో తెలుసు, పంట పోయిన ఏడాది ఎలా తీర్చామో తెలుసు. "నాకు మీ గురించి అవేమీ తెలియవు సార్, ఈ నాలుగు పేజీలే తెలుసు. పెద్ద అప్పు ఎవరైనా జాగ్రత్తగా కడతారు, ఎవరూ అడగని 590 కట్టారా లేదా అన్నదే మీరు ఎలాంటి మనిషో చెప్తుంది." నాకు ఒళ్లు మండింది కానీ తిరిగి అనడానికేమీ దొరకలేదు. నేను మా షాపులో కస్టమర్లకి సరుకు అప్పివ్వాలా వద్దా అని ఓనరు గారికి చెప్పేటప్పుడు చూసేదీ అదే, పోయినసారి ఎన్ని రోజులకి ఇచ్చాడు అని.

ఆవిడ చూసేవి మరికొన్ని చెప్పింది. ఇప్పటికే కడుతున్న ఈఎమ్ఐలన్నీ కలిపితే జీతంలో ఎంత పోతోంది. కార్డు లిమిట్ లక్ష ఉంటే ఎనభై తొంభై వేలు నెలనెలా వాడేస్తున్నాడా, మూడో వంతు లోపల ఉంచుతున్నాడా. తాకట్టు లేని చిన్న చిన్న అప్పులు ఎన్ని ఉన్నాయి. ఫోన్ షాపులో జీరో వడ్డీ అని ఇచ్చేది కూడా లోనే, యాప్‌లో ఇప్పుడు కొను తర్వాత కట్టు అన్నవాటిలో చాలావరకు లోన్లే, అవన్నీ విడివిడి గీతలుగా వస్తాయి. హామీ సంతకం పెట్టినదీ వస్తుంది. బావమరిదే కదా అని గ్యారంటీ సంతకం పెట్టినవాళ్లు ఒకసారి తమ రిపోర్టు తెరిచి చూసుకోండి. పిల్లల అమెరికా చదువుల లోన్లకి కో-అప్లికెంటుగా సంతకం పెట్టిన తల్లిదండ్రులు కూడా. అబ్బాయికి అక్కడ ఉద్యోగం ఆలస్యమైతే ఇక్కడ నాన్న రిపోర్టులో గడులు నిండుతాయి.

రానివి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ల బాధంతా అక్కడే. మా అమ్మ పన్నెండేళ్లు ఒక్క నెల తప్పకుండా వీధిలో పాట చీటీ కట్టింది. అదెక్కడా ఉండదు. నేను పదిహేడేళ్లు ఐదో తారీఖు దాటకుండా కట్టిన ఇంటద్దె లేదు. బ్యాంకులో డిపాజిట్టు లేదు, జీతం లేదు, బంగారం లేదు (బంగారం మీద తీసుకున్న లోను మాత్రం ఉంటుంది). స్నేహితుడి చేబదులు తిరిగిచ్చిన నిజాయితీ లేదు. ఇది మనిషి గుణం కొలిచే కాగితం కాదు, అప్పిచ్చే సంస్థలతో మనం ఎలా ఉన్నామో అంతవరకే. ఈ తేడా తెలియక స్కోరు తక్కువైనవాళ్లు పరువు పోయినట్టు కుంగిపోతున్నారు, ఎక్కువైనవాళ్లు స్టేటస్‌లో పెట్టుకుంటున్నారు, మొన్న మా మేనల్లుడు 811 అని పెట్టాడు, వాడి జేబులో పదకొండు రూపాయలు లేవు.

అసలు అప్పే తీసుకోని మనిషికి స్కోరే ఉండదు. ఆ కారణంగా మొదటిసారి అప్లై చేసినవాళ్లని తిప్పి పంపకూడదని, రిజర్వు బ్యాంకు కనీస స్కోరు ఇంతని ఎక్కడా పెట్టలేదని 2025లో ఆర్థిక శాఖ పార్లమెంటులో చెప్పింది. కౌంటర్లో కూర్చున్నవాళ్లకి ఆ మాట చేరిందో లేదో మరి. ఇంకో పక్క అదే ఏడాది, అప్పుల చరిత్ర బాగాలేదని ఎస్‌బీఐ ఒక అభ్యర్థి ఉద్యోగం రద్దు చేస్తే మద్రాసు హైకోర్టు బ్యాంకు చేసింది సరేనంది. అంటే ఇది లోనుతో ఆగే విషయం కూడా కాదు, బ్యాంకు పరీక్షలకి చదువుకునే పిల్లలకి ఎవరైనా చెప్తున్నారా?

డబ్బు సంగతి ఒక్క లెక్కతో చెప్తాను, నా వృత్తి అదే కాబట్టి. స్కోరును బట్టి ఇంటి లోను వడ్డీ మార్చే బ్యాంకులు చాలా ఉన్నాయి. 50 లక్షలు, 20 ఏళ్లు. ఎనిమిదిన్నర శాతమైతే ఈఎమ్ఐ సుమారు 43,390. తొమ్మిదింపావు అయితే 45,790. నెలకి 2,400, ఇరవై ఏళ్లకి ఐదు లక్షల డెబ్భై వేల పైమాటే. మా తమ్ముడి సెకండ్ హ్యాండ్ ట్రాక్టరు ఖరీదు కంటే ఎక్కువ.

చివరికి లోను వచ్చింది, అదే బ్యాంకులో, అదే ఆవిడ దగ్గర. కార్డు గురించి ఒక వివరణ పత్రం రాసివ్వమన్నారు, ఇచ్చాను. బిల్డరు గడువు రెండుసార్లు పొడిగించాడు, మంచివాడు, కానీ ఆ రెండు లక్షలు పోతాయేమోనన్న టెన్షన్‌తో మా ఆవిడ నాతో మాట్లాడిన మాటలు ఇక్కడ రాయను.

నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. నేను చూసిన రిపోర్టు మొత్తం ఇంగ్లీషులో ఉంది. డిగ్రీ చదివి, అంకెలతో బతికే నాకే ఆ గడులు అర్థం కావడానికి ఒక ఆఫీసరు పక్కన కూర్చుని చెప్పాల్సి వచ్చింది. పీణ్యాలో మా షాపులో లేతు మీద పనిచేసే మన జిల్లా కుర్రాళ్లు పదకొండు మంది ఉన్నారు, అందరికీ ఏదో ఒక ఫోన్ లోనో, బండి లోనో ఉంది, రిపోర్టు చూసుకున్నవాడు ఒక్కడూ లేడు. చిట్కాల వ్యాసం బదులు ఒక ఆదివారం ఒక నమూనా రిపోర్టు పేజీ వేయండి, ఉత్తుత్తి పేరుతో. ఏ గడి ఏమిటో పక్కన తెలుగులో బాణం గుర్తులతో రాయించండి. 30 అంటే ఏంటి, మూడు ఇంటూ గుర్తులంటే ఏంటి (ఆ నెల లెక్క ఆ సంస్థ పంపలేదని అర్థం, తప్పు చేశామని కాదు, నేను ఆ గుర్తులు చూసి కూడా భయపడ్డాను), సెటిల్డ్‌కి క్లోజ్డ్‌కి తేడా ఏంటి, కంప్లయింటు ఎక్కడ పెట్టాలి. గోడకి అతికించుకునేలా వేస్తే మా షాపులో నేనే అతికిస్తాను.

ఈ ఉత్తరం వేస్తే కింద నా పేరు మాత్రం వేయకండి. ఆ పేరుతో ఇద్దరం ఉన్నాం, మళ్లీ వాడి ఖాతాలో పడుతుంది.

ఇట్లు,
పీణ్యా నుంచి మీ పాఠకుడు,
బెంగళూరు